ట్యాంకు ఖాళీ చేయకుండా కుళాయి మార్చడం ఎలా?

మే నెలలో, మునిసిపాలిటీ నీళ్ళు రోజు విడిచి రోజు వచ్చే రోజుల్లో, మా బాత్రూంలో కుళాయి ఆగకుండా కారడం మొదలుపెట్టింది. ప్లంబర్ వచ్చి నేరుగా డాబా ఎక్కి, ట్యాంకు అడుగున ఉన్న మూత విప్పేశాడు. వెయ్యి లీటర్లు వీధి కాలవలో కలిశాయి. కుళాయి మార్చడానికి పట్టింది పది నిమిషాలే. ఆ సాయంత్రం మాత్రం పక్కింటి నుంచి బిందెలతో నీళ్ళు మోసుకున్నాం. తర్వాత ఒక పెద్దాయన, ముప్ఫై ఏళ్ళుగా ఇదే పని చేస్తున్న మేస్త్రీ, ట్యాంకు ముట్టుకోకుండా ఇదంతా ఎలా చేయొచ్చో చూపించాడు. అప్పటి నుంచి మా ఇంట్లో ఏ రిపేరుకీ ట్యాంకు వదల్లేదు.

ముందు వాల్వు ఎక్కడుందో చూడండి

చాలా రిపేర్లకు డాబా ఎక్కాల్సిన పనే ఉండదు. ఫ్లష్ ట్యాంకు, వాష్‌బేసిన్, గీజర్, సింకు కింద కుళాయి, వీటన్నిటికీ గోడ దగ్గర చిన్న యాంగిల్ కాక్ ఉంటుంది. దాన్ని కుడివైపు తిప్పి కట్టేస్తే ఆ ఒక్క లైను ఆగుతుంది. కొన్ని బాత్రూముల్లో తలుపు పక్కన, గోడలో మొత్తం బాత్రూంకి ఒక వాల్వు ఉంటుంది. టైల్స్ మీద గుండ్రటి స్టీలు బిళ్ళ, దాని మీద పిడి కనిపిస్తే అదే.

అవేవీ లేకపోతే ట్యాంకు దగ్గరికి వెళ్ళండి. ట్యాంకు నుంచి దిగే పైపుల మీద వాల్వులు ఉంటాయి. ఏది వంటింటికి, ఏది బాత్రూంకి అని తెలియకపోతే ఒక్కోటి కట్టి కింద ఎవరినైనా కుళాయి చూడమనండి. తెలిసిన వెంటనే పెయింటుతో పైపు మీదే రాసేయండి.

పని మొదలుపెట్టే ముందు గీజర్ స్విచ్చి, ప్రెషర్ పంపు ఉంటే అది, మోటారు ఆటోమేటిక్ అయితే దాని స్విచ్చి కూడా ఆపండి. రెండు బకెట్ల నీళ్ళు పట్టి పక్కన పెట్టుకోండి.

గేట్ వాల్వు తిరగకపోతే

గేట్ వాల్వు అంటే పిడి తిప్పితే లోపల పలక దిగి నీళ్ళు ఆపేది. బోరు నీళ్ళ ఇళ్ళలో అది తిరగకపోవడం మామూలే. ఏళ్ళ తరబడి కదపని వాల్వు లోపల సున్నం పేరుకుని బిగుసుకుపోతుంది. పైపు రెంచి వేసి బలంగా తిప్పకండి. లోపలి కాడ విరిగితే పలక మధ్యలో పడిపోతుంది, అప్పుడు ఇల్లంతటికీ నీళ్ళు ఆగిపోతాయి. కాడ చుట్టూ కొంచెం కొబ్బరి నూనె వేసి పావుగంట ఆగి, చేత్తోనే అటు కొంచెం ఇటు కొంచెం కదపండి. కదిలిన మేరకు మళ్ళీ మళ్ళీ చేస్తే చాలావరకు వదులవుతుంది. పూర్తిగా కట్టినా సన్నగా కారుతుంటే, కింద కుళాయి తెరిచి ఉంచి వాల్వును నాలుగైదు సార్లు తెరిచి మూయండి. పలక కింద ఇరుక్కున్న సున్నం కొట్టుకుపోతుంది.

ట్యాంకు లోపలి నుంచి బిరడా

వాల్వు పనిచేయకపోయినా, అసలు లేకపోయినా మిగిలిన దారి ఇది. చాలామందికి తెలియనిదీ ఇదే.

ట్యాంకులో మీటరు ఎత్తు నీళ్ళున్నాయనుకోండి. అడుగున చదరపు సెంటీమీటరుకు పడే ఒత్తిడి వంద గ్రాములే. అంగుళం పైపు రంధ్రం సుమారు ఐదు చదరపు సెంటీమీటర్లు, అంటే మొత్తం అరకిలో బరువు. దాన్ని ఆపడానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. పైగా నీళ్ళే బిరడాను రంధ్రం వైపు నెడతాయి.

ట్యాంకు లోతు కంటే ఒక మూర పొడవైన కర్ర గానీ పాత ప్లాస్టిక్ పైపు ముక్క గానీ తీసుకోండి. ఒక చివర ఉతికిన నూలు గుడ్డను ముల్లంగి ఆకారంలో చుట్టండి, కొస సన్నగా, మొదలు రంధ్రం కంటే బాగా లావుగా. దాని మీద శుభ్రమైన పాలిథీన్ కవరు తొడిగి, సైకిల్ ట్యూబు ముక్కతో గట్టిగా కట్టండి. రంధ్రం ట్యాంకు పక్కగోడకి అడుగున ఉంటే గుడ్డ చుట్టిన చివర కర్రకు అడ్డంగా తిరిగి ఉండాలి. అందుకు పైపు ముక్కకు ఎల్బో తగిలించి చుట్టుకోవచ్చు. నైలాను తాడు ఒకటి గుడ్డకే కట్టి, రెండో కొస ట్యాంకు బయట ముడి వేయండి. ఈ తాడు మరిచిపోవద్దు. గుడ్డ ఊడి పైపులోకి జారితే గోడ పగలగొట్టాల్సి వస్తుంది.

టార్చి వేసి రంధ్రం చూసుకుని బిరడా ఆనించండి. కింద కుళాయి తెరిచి ఉంటే లాగి పట్టుకుంటుంది. అంతకన్నా సులువైనది పిల్లల రబ్బరు బంతి. సబ్బుతో కడిగి కర్రతో రంధ్రం దగ్గరికి నెడితే అంటుకుపోతుంది. కానీ ట్యాంకు సగానికి పైగా నిండి ఉంటేనే ఇది నిలుస్తుంది. నీళ్ళు తక్కువైతే ఒత్తిడి చాలక బంతి తేలిపోతుంది.

ఏం చేసినా ట్యాంకులోకి మాత్రం దిగకండి. తల లోపలికి పెట్టి వంగేటప్పుడు కూడా పక్కన ఒక మనిషి ఉండాలి.

ఇప్పుడు అన్నిటికంటే కింద ఉన్న కుళాయి తెరిస్తే పైపులో మిగిలిన నీళ్ళు దిగిపోతాయి. అవి బకెట్లోకి పట్టుకోండి.

బిరడా ఉన్నంతసేపు ఇంకో పని చేసుకోండని గట్టిగా చెబుతాను. పాత గేట్ వాల్వు తీసేసి, యూనియన్‌తో (పైపు కోయకుండా విప్పుకునే జాయింటుతో) సహా బాల్ వాల్వు పెట్టించండి. పావు చుట్టుతో కట్టుకుంటుంది, సున్నానికి త్వరగా బిగుసుకుపోదు. మళ్ళీ ఈ కర్రా గుడ్డా అవసరం రాదు.

కుళాయి మార్చడం

పాత కుళాయిని ఎడమవైపు తిప్పి విప్పండి. గోడలోని మరల్లో ఉన్న పాత టేపు, జనుము పీచు పుల్లతో శుభ్రం చేయండి. కొత్త కుళాయి మరలు మీ వైపు పెట్టుకుని, టెఫ్లాన్ టేపును గడియారం ముల్లు తిరిగే దిశలో ఎనిమిది, పది చుట్లు లాగి చుట్టండి. వెనక్కి చుడితే బిగించేటప్పుడు ఊడిపోతుంది. ముందు చేత్తో, ఆఖరి చుట్టు మాత్రమే స్పానర్‌తో. గోడలో ప్లాస్టిక్ ఎల్బో ఉంటే బలం వేయవద్దు, లోపల చీలితే టైల్సు తీయాలి.

ట్యాంకు ఒక్క అంతస్తు పైనే ఉంటే, అలవాటున్న వాళ్ళు నీళ్ళు ఆపకుండానే మారుస్తారు. మూడు మీటర్ల ఎత్తుకు అరంగుళం పైపులో ఒత్తిడి బొటనవేలితో ఆపగలిగినంతే. టేపు చుట్టిన కొత్త కుళాయిని తెరిచి ఉంచి బిగిస్తారు, నీళ్ళు దాని నోట్లోంచి పోతుంటే మరలు సులువుగా పడతాయి. మీకు ఇది మొదటిసారైతే, ట్యాంకు రెండు మూడు అంతస్తుల పైన ఉంటే, వద్దు.

పైపు అతికించాల్సి వస్తే

సీపీవీసీ పైపుకి, అంటే జిగురుతో అతికించే ప్లాస్టిక్ పైపుకి, అతికించేటప్పుడు తడి పడదు. నీళ్ళు ఆపాక కూడా అడ్డ పైపులోంచి చుక్కలు వస్తూనే ఉంటాయి, ఆ చుక్కల మీద ఆ జిగురు, అంటే సాల్వెంట్ సిమెంట్, పట్టదు. అంచులు తీసేసిన తెల్ల బ్రెడ్డు ముద్దను పైపులోకి కూరితే కాసేపు చుక్క ఆగుతుంది, తర్వాత నీళ్ళకు కరిగిపోతుంది. పైపు పొడి గుడ్డతో తుడిచి, సిమెంటు పూసి, లోపలి వరకు నెట్టి అరనిమిషం పట్టుకోండి. నీళ్ళు వదిలే సమయం డబ్బా మీద రాసి ఉంటుంది. నేనైతే పొద్దున అతికించి సాయంత్రం వదులుతాను.

మళ్ళీ నీళ్ళు వదిలేటప్పుడు

కుళాయిల జాలీలు విప్పి, కుళాయిలన్నీ తెరిచి, అప్పుడు తాడు పట్టి బిరడా లాగండి. పైపుల్లో గాలి చిక్కుకుంటుంది, ముందు దగ్గినట్టు చిమ్ముతుంది. కింది కుళాయి నుంచి మొదలుపెట్టి ధార నిలకడయ్యాక ఒక్కొక్కటి కట్టుకుంటూ పైకి రండి. వేడినీళ్ళ కుళాయిలో నిండుగా నీళ్ళు వచ్చేదాకా గీజర్ వేయకండి, ఖాళీగా వేడెక్కితే కాయిల్ కాలిపోతుంది.

రాత్రి పడుకునే ముందు కొత్త జాయింటు చుట్టూ పొడి కాగితం ముక్క చుట్టి ఉంచండి. పొద్దున అది పొడిగా ఉంటే పని అయినట్టే. తడిస్తే విప్పి టేపు మళ్ళీ చుట్టండి, పైనుంచి ఎంసీల్ పూసి సరిపెట్టకండి.