గోడ మీద సుత్తి పడకముందే: పాత ఇంట్లో చోటు పెంచుకునేవాళ్లకు జాగ్రత్తలు

సంక్రాంతి వెళ్లగానే చాలా ఇళ్లలో ఒకే మాట వినిపిస్తుంది: "ఈ వేసవిలో ఇల్లు కాస్త మార్పించేద్దాం." పిల్లలు పెద్దవాళ్లయ్యారు, చదువుకోవడానికి వాళ్లకో గది కావాలి. ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉంటున్నారు, వాళ్లకు బాత్రూం దగ్గరగా ఉండాలి. ఒకరికి ఇంట్లోంచే ఆఫీసు పని. ఇల్లేమో అదే రెండు బెడ్‌రూంలు, అదే వెయ్యి చదరపు అడుగులు. ఇంకో ఇల్లు కొనడం అందరివల్లా కాదు కాబట్టి ఉన్నదాంట్లోనే చోటు వెతుక్కుంటాం.

మేమూ అలాగే మొదలుపెట్టాం. మాది 1980ల్లో నాన్న కట్టించిన ఇల్లు. హాలుకీ వంటగదికీ మధ్య గోడ తీసేస్తే భోజనాల బల్ల చక్కగా పడుతుందనుకున్నాం. మేస్త్రీ గోడను రెండుసార్లు తట్టి చూసి, "పార్టిషన్ గోడేనండీ, సాయంత్రానికి తీసేస్తాం" అన్నాడు. నాన్నకు మాత్రం మనసొప్పలేదు. ఇల్లు కట్టేటప్పుడు ఆయన దగ్గరుండి చూశారు, ఆ గోడ పైన దూలం వేసినట్టు గుర్తు లేదన్నారు. ఇంజినీరును పిలిపిస్తే, ఆ పక్క స్లాబంతా ఆ గోడ మీదే ఆని ఉందని తేలింది. ఆయన వచ్చేసరికి పై వరసలో నాలుగు ఇటుకలు ఊడదీసేశారు. వాటిని అదే రోజు సిమెంటుతో బిగించి కట్టించాం. ఆ రాత్రి ఎవరికీ సరిగ్గా నిద్ర పట్టలేదు.

ఇంట్లో వృథాగా పడి ఉన్నట్టు కనిపించే చోటు ఏదో ఒక పని చేస్తూనే ఉంటుందని అప్పుడే నాకు తెలిసొచ్చింది. అడ్డంగా ఉన్న గోడ బరువు మోస్తుంటుంది, బాత్రూం వెంటిలేటర్ విషవాయువును బయటికి పంపిస్తుంటుంది. దేన్ని తీసేయాలన్నా, దేన్ని మూసేయాలన్నా ముందు దాని పనేమిటో కనుక్కోవాలి.

గోడలు, బరువులు

ముందుగా ఇంటి వయసు చూడండి. పాత ఇళ్లు చాలావరకు పిల్లర్లు లేకుండా 9 అంగుళాల ఇటుక గోడల మీదే నిలబడి ఉంటాయి. అక్కడ గోడ తీయడమంటే పిల్లర్ తీయడమే. పిల్లర్లు, బీములతో కట్టిన ఇళ్లలో లోపలి నాలుగున్నర అంగుళాల గోడలు సాధారణంగా అడ్డుగోడలే. అయినా మందం ఒక్కటే చూసి తేల్చేయకండి. గోడ పైన బీము ఉందా, పై అంతస్తులో సరిగ్గా అక్కడే ఇంకో గోడ ఉందా, పాత ప్లానులో ఏం గీశారు అన్నవి కూడా చూడాలి. ఈ మధ్య వచ్చిన ఎత్తైన అపార్ట్‌మెంట్లలో చాలావాటిని మైవాన్ పద్ధతిలో కడుతున్నారు. అంటే గోడలే కాంక్రీటు, భవనం బరువంతా వాటిమీదే. అలాంటి ఇంట్లో కొత్త తలుపు సందు సంగతి అటుంచి, ఏసీ పైపు కోసం బెజ్జం పెట్టాలన్నా బిల్డరు ఇంజినీరును అడగాల్సిందే.

స్ట్రక్చరల్ ఇంజినీరు ఒకసారి వచ్చి చూసినందుకు ఇచ్చే ఫీజు, మొత్తం ఖర్చులో చాలా చిన్న భాగం. ఆయన చెప్పింది కాగితం మీద రాయించుకోండి. టీవీ యూనిట్ గోడలో కలిసిపోవాలనో, వైర్లు కనిపించకూడదనో పిల్లర్లలో, బీముల్లో గాడి కొట్టనివ్వకండి. లోపలి ఇనుముకు దెబ్బ తగిలితే, గాలీ తేమా చేరి అది నెమ్మదిగా తుప్పు పడుతుంది.

గోడ తీసేటప్పుడు ఉన్న భయం కొత్త గోడ కట్టేటప్పుడు ఎవరికీ ఉండదు. పెద్ద గదిని రెండు చేయడానికి 10 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తున నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ కడితే, ప్లాస్టరింగుతో కలిపి దాదాపు రెండున్నర టన్నులు. కింద బీము లేకపోతే అదంతా స్లాబు నడుమ పడుతుంది. మన దేశ ప్రమాణాల ప్రకారం ఇంటి గదుల నేల మీద మనుషులు, సామాన్ల కోసం లెక్కగట్టే బరువు చదరపు మీటరుకు సుమారు 200 కిలోలు. పాత టైల్స్ తీయకుండా వాటిపైనే రెండంగుళాల సిమెంటు పోసి కొత్తవి పరిస్తే అందులో సగం అక్కడే అయిపోతుంది. అందుకే అడ్డుగోడ కావాలంటే జిప్సం బోర్డు పార్టిషన్ గానీ, తేలికైన ఏఏసీ బ్లాకులు గానీ వాడమని చెబుతాను. అదనంగా నీళ్ల ట్యాంకు పెట్టేవాళ్లూ ఇది గుర్తుంచుకోవాలి. వెయ్యి లీటర్లంటే నీళ్లే ఒక టన్ను. ట్యాంకు పిల్లర్ల మీదో, బీముల మీదో కూర్చోవాలి, స్లాబు మధ్యలో కాదు.

ఫాల్స్ సీలింగ్ గురించి ఒక మాట. విశాఖ, కాకినాడ, బందరు లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో స్లాబులోని ఇనుము త్వరగా తుప్పు పట్టి పెచ్చులూడుతుంది. ఆ పెచ్చులు కనిపించకుండా ఫాల్స్ సీలింగ్ వేయించేవాళ్లను చూశాను. జబ్బును దుప్పటి కప్పి దాచినట్టే అది. ముందు స్లాబంతా చిన్న సుత్తితో తట్టించి, గుల్లగా మోగిన చోట బాగుచేయించి, ఆ తర్వాతే సీలింగ్ సంగతి చూడండి. ఫ్యాన్ కొక్కెం స్లాబులోంచే రావాలి.

సజ్జలు, మంచాలు, బీరువాలు

చోటు చాలనప్పుడు చూపు పైకి పోతుంది. గోడలోంచి ముందుకు పొడుచుకొచ్చిన సజ్జ మీద పరుపులు, పండగ సామాను, ఖాళీ సూట్‌కేసులు పెట్టొచ్చు. బియ్యం బస్తాలు, పాత రుబ్బురోలు, పుస్తకాలు కుక్కిన ట్రంకుపెట్టెలు పెట్టకూడదు. సజ్జ గోడను కలిసే చోట పైవైపు సన్నని పగులు కనిపిస్తే, దాని మీద ఉన్నవి ఆ రోజే దించేయండి.

పిల్లల గదిలో అంతస్తుల మంచం వేయించే ముందు తలెత్తి ఫ్యాన్ చూడండి. పై పరుపు మీద పిల్లవాడు లేచి నిలబడి చెయ్యి పైకెత్తితే రెక్కలు అందకూడదు. అందేట్టుంటే ఆ గదికి గోడ ఫ్యాన్ పెట్టించాలి, లేదంటే మంచం ఆలోచనే మానుకోవాలి. ఇందులో సర్దుబాటు వద్దు. ఎత్తైన అరలను, బీరువాలను గోడకు క్లాంపులతో బిగించండి. కింది సొరుగు తెరిచి దానిమీద కాలేసి ఎక్కే పిల్లలున్న ఇంట్లో ఇది మరీ అవసరం.

వానకు తడిసే బయటి గోడకు ఆనించి వార్డ్‌రోబ్ చేయిస్తే, రెండో వానాకాలానికి బట్టలు ముక్కిన వాసన వస్తాయి. ముందు గోడలో చెమ్మ పోగొట్టాలి, తర్వాత గోడకూ చెక్కకూ మధ్య గాలి ఆడేంత సందు వదలాలి. సింకు కింద నీటిని తట్టుకునే బీడబ్ల్యూపీ ప్లైవుడ్ వాడండి, దానికి ఐఎస్ 710 గుర్తు ఉంటుంది. చెక్కపని మొదలవకముందే చెదల మందు కొట్టించండి.

మూసేయాలనిపించే చోట్లు

బాల్కనీ మూసి గది చేసుకోవడం చాలా ఇళ్లలో జరిగేదే. ప్లానులో లేని మార్పుకు మున్సిపాలిటీ నుంచి నోటీసు రావచ్చు, అసోసియేషన్ అభ్యంతరం చెప్పొచ్చు. కాబట్టి ముందే అడిగి, అనుమతి కాగితం తీసుకోండి. నన్ను ఎక్కువ భయపెట్టేది వేరే ఉంది. మంటలు లేచి ముఖద్వారం వైపు పోలేనప్పుడు, జనం పరుగెత్తేది బాల్కనీకే. దాన్ని నిండా గ్రిల్‌తో బిగించేస్తే అక్కడికి చేరినా బయటపడే దారి ఉండదు. గ్రిల్‌లో లోపలి నుంచి తెరుచుకునే తలుపు ఒకటి తప్పకుండా పెట్టించి, దాని తాళం చెవి పక్కనే మేకుకు తగిలించండి.

వంటగది పక్కన గిన్నెలు తోముకునే బాల్కనీని మూసి, సిలిండర్‌ను కప్‌బోర్డులో దాచేవాళ్లు ఇంకో సంగతి తెలుసుకోవాలి. వంటగ్యాస్ గాలి కన్నా బరువు. లీకైతే కిందే పేరుకుంటుంది. కప్‌బోర్డు అడుగున, నేలను ఆనుకుని గాలి పోయే జాలీ ఉండాలి. పైన చిల్లులు పెట్టి వదిలేస్తే చాలదు. రబ్బరు ట్యూబును చెక్కకు బెజ్జం పెట్టి లాగేటప్పుడు అంచులకు రాసుకుంటుందేమో చూడండి. దాని మీద ముద్రించిన గడువు దాటితే కొత్తది వేయించండి. గ్యాస్ గీజర్ ఉన్న బాత్రూం వెంటిలేటర్‌ను మాత్రం ఏ కారణంతోనూ మూయకండి. గాలి ఆడని చోట గ్యాస్ మండితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగూ వాసనా ఉండవు. స్నానానికి వెళ్లిన మనిషి తలుపు గడియ వేసుకుని లోపలే పడిపోతాడు. వీలుంటే గీజర్‌నే బయటి గోడకు మార్పించండి.

నీళ్లు

ఫ్లాటులో బాత్రూంను గానీ, వంటగదిని గానీ ఇంకో మూలకు జరపాలంటే నీరు పోయే పైపుకు అడుగుకు పావు అంగుళం చొప్పున వాటం ఇవ్వాలి. 12 అడుగుల దూరం జరిపితే 3 అంగుళాల పల్లం. అది ఇవ్వాలంటే నేల ఎత్తు పెంచాల్సిందే. బాత్రూం కోసం స్లాబును ముందే పల్లంగా పోసి ఉంటారు, మిగతా గదుల్లో ఆ పల్లం ఉండదు. వాస్తు కోసం వంటగది ఆగ్నేయానికి మార్చాలనుకునేవాళ్లను నేను తప్పుపట్టను, మా అమ్మకూ ఆ పట్టింపు ఉంది. మేము సింకును కదపకుండా పొయ్యి గట్టును మాత్రం జరిపాం, అమ్మ తృప్తిపడింది.

బాత్రూం టైల్స్ తీసి మళ్లీ వేస్తుంటే, వాటర్ ప్రూఫింగ్ అయ్యాక టైల్స్ పరవకముందు తూము మూసి రెండంగుళాల నీళ్లు నింపి 48 గంటలు ఉంచండి. ఈ లోపల కింది ఇంటివాళ్లను అడిగి వాళ్ల సీలింగ్ చూడండి. పనివాళ్లు తొందరపెడతారు, అయినా ఆ రెండు రోజులు ఆగండి. తర్వాత చెమ్మ దిగిందంటే మనకు టైల్స్ ఖర్చు, కింది వాళ్లతో ఏళ్ల తరబడి మాటపట్టింపు.

కరెంటు

ఒకటిన్నర టన్ను ఏసీ, 2 కిలోవాట్ల గీజర్, ఇండక్షన్ పొయ్యి. పాత వైరింగ్ ఇవేవీ లేని రోజుల్లో వేసింది. గది కొత్తగా వస్తోందంటే ఏసీకి, గీజర్‌కు 4 స్క్వేర్ ఎంఎం వైరు విడిగా లాగించి, ఒక్కోదానికి ఒక్కో ఎంసీబీ (లోడు ఎక్కువైతే దానంతట అదే ఆగిపోయే స్విచ్చి) పెట్టించండి. షాక్ నుంచి కాపాడే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ లేకపోతే ఈ పనిలోనే పెట్టించేయండి.

దుమ్ములో ఏముందో

ఇంట్లో రంగులకు సీసం పరిమితిని 90 పీపీఎంకు (పది లక్షల్లో 90 వంతులకు) తగ్గించిన నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వేసిన రంగుల్లో, ముఖ్యంగా తలుపులు, గ్రిల్స్‌కు వేసిన ఎనామిల్ పెయింట్‌లో సీసం ఉండొచ్చు. దాన్ని పొడిగా గీకితే లేచే దుమ్ము చిన్నపిల్లల మెదడుకు మంచిది కాదు. నీళ్లు చల్లి తడిపిన ఉప్పుకాగితంతో రుద్దించండి. గర్భిణులు, పసిపిల్లలు, ఆయాసం ఉన్న పెద్దవాళ్లు ఆ వారం బంధువుల ఇంట్లో ఉంటే మేలు.

డాబా మీద పాత సిమెంటు రేకుల షెడ్డు తీసి గది వేసేవాళ్లకు ఇంకా పెద్ద హెచ్చరిక. ఆ రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. మిషన్‌తో కోసినా, సుత్తితో పగలగొట్టినా కంటికి కనపడని పీచు గాల్లో కలుస్తుంది. అది ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ఏళ్ల తర్వాత ప్రాణం మీదికి తెస్తుంది. బోల్టులు విప్పి, తడిపి, రేకును రేకుగా దించమనండి. పనివాళ్లకు ఈ పీచును ఆపగలిగే పీ100 ఫిల్టరున్న మాస్కులు మీరే కొనివ్వండి, మామూలు ఎన్95 దీనికి చాలదు. టైల్స్ కోసే మనిషికి కళ్లద్దాలు, పరంజా ఎక్కే మనిషికి బూట్లు ఉన్నాయో లేదో కూడా చూడండి. మన ఇంటి పనికి వచ్చిన మనిషి క్షేమంగా తిరిగి వెళ్లాలి కదా.

తీసేసిన గోడ మట్టిని రాత్రికి రాత్రి నాలాలో పోయించకండి. హైదరాబాద్‌లో జీడిమెట్ల, ఫతుల్లగూడల్లో దాన్ని రీసైకిల్ చేసే ప్లాంట్లు ఉన్నాయి.

ఎప్పుడు మొదలుపెట్టాలి

జూన్ మొదటి, రెండో వారాల్లో వానలు వస్తాయి. అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టండి. కొత్త ప్లాస్టరింగ్‌ను కనీసం వారం తడపాలి, ఎండాకాలంలో రోజుకు మూడుసార్లు. తర్వాత రంగు వేయడానికి ఒక నెల ఆరాలి. తడి గోడ మీద పుట్టీ పెడితే తర్వాత పొలుసులుగా లేస్తుంది. అంటే తాపీ పని ఏప్రిల్ మధ్యకల్లా ముగియాలి, గోడలు కొట్టే పని ఫిబ్రవరిలోనే మొదలవ్వాలి. శ్రావణంలో పెళ్లి పెట్టుకుని మే నెలాఖరులో మేస్త్రీని పిలిచేవాళ్లకు నా సలహా ఒకటే: ఈ ఏడాది రంగులతో సరిపెట్టుకోండి, గోడలు వచ్చే ఏడాది చూసుకోవచ్చు.

డబ్బు విషయంలో అడ్వాన్సు తక్కువ, మిగతాది పని అయిన కొద్దీ అని ముందే రాసుకోండి. అనుకున్న దానికి నూటికి 15 వంతులు అదనంగా పక్కన పెట్టుకోండి. పాత గోడ విప్పాక లోపల పైపు కుళ్లిపోయి కనిపించడం మామూలే.

పని మొదలయ్యే రోజు పొద్దున్నే సిలిండర్ రెగ్యులేటర్ తీసేయండి. గోడ కొట్టే వైపు కరెంటు మెయిన్ ఆపించండి. నీళ్ల వాల్వు ఎక్కడుందో ఇంట్లో అందరికీ చూపించండి. ప్లాస్టరింగ్ మూసేయకముందే గాడుల్లోని పైపులు, వైర్లను, పక్కనే కొలత టేపు ఆనించి, ఫోన్‌లో ఫొటోలు తీసుకోండి. మేము వాటిని ప్రింటు తీయించి బీరువా తలుపు లోపల అతికించాం. ఏ గోడకు మేకు కొట్టాలన్నా నాన్న ముందు ఆ తలుపు తెరిచి చూస్తారు.