దసరాకి అలాయ్ వీల్స్ మారుస్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

వాహన పూజకి బండి మెరిసిపోవాలని సికింద్రాబాద్ రాణిగంజ్‌లోని ఆటో షాపులకి బయల్దేరేవాళ్లకి, అడ్వాన్స్ కట్టకముందే:

– రంగు సంగతి తర్వాత, ముందు కొలతలు. పీసీడీ (బోల్టులెన్ని, అవి ఉండే వృత్తం వ్యాసమెంత), ఆఫ్‌సెట్ (వీల్ లోపలికో బయటికో ఎంత జరిగి కూర్చుంటుంది), మధ్య రంధ్రం మూడూ కుదరాలి. పీసీడీ స్విఫ్ట్‌కి 4×100 (నాలుగు బోల్టులు, 100 మి.మీ. వృత్తం), క్రెటాకి 5×114.3. "కొంచెం తేడా ఉంది, సెట్ చేస్తాం అన్నా" అన్నారంటే లేచి వచ్చేయండి, స్పీడ్‌లో స్టీరింగ్ వణికితే అప్పుడెవరూ ఫోన్ ఎత్తరు.

– డైమండ్ కట్ (పైముఖాన్ని లేత్ మీద చెక్కి మెరిపించిన రిమ్) తెల్ల బండికి బాగుంటుంది, కాదనను. కానీ ఫుట్‌పాత్ అంచుకి ఒక్కసారి రాసుకుందంటే క్లియర్ కోట్ (పైనుండే పారదర్శక పూత) లేచి, వానలకి నీళ్లు దూరి, లోపల పురుగు పాకినట్టు తెల్ల చారలు వస్తాయి. స్ప్రే కొడితే పోవు, లేత్ మెషీన్ ఎక్కించాల్సిందే.

– నల్ల బండికి నల్ల వీల్స్ వద్దు. నేను మోజుపడి వేయించాను, పది అడుగుల దూరం నుంచి చూస్తే డిజైనే కనపడదు, టైరూ రిమ్మూ ఒకటే ముద్ద. గన్‌మెటల్ (ముదురు బూడిద రంగు) తీసుకోవాల్సింది.

– సిల్వర్ బండికి సిల్వర్ చప్పగా ఉంటుంది. ఎరుపుకి గన్‌మెటల్, ముదురు నీలానికి సిల్వర్ లేదా బ్రాంజ్.

– రిమ్‌ని షాపు బయటికి తెచ్చి, ఎండలో డోర్ పక్కన పెట్టి చూడండి. ఎల్‌ఈడీ కింద అన్నీ మెరుస్తాయి.

– మ్యాట్ ఫినిష్‌కి పాలిష్ కొట్టొద్దని వాటర్ వాష్ కుర్రాడికి ముందే చెప్పండి, మచ్చలు పడతాయి.

– పాత వీల్స్ ఎక్స్‌చేంజ్‌లో ఇచ్చేయకండి. బండి అమ్మేటప్పుడు ఒరిజినల్ సెట్ అడిగేవాళ్లే ఎక్కువ.