ఉబుంటు ల్యాప్‌టాప్ ఉన్నట్టుండి బిగుసుకుపోతే

తెర నిలిచిపోగానే పవర్ బటన్‌ను నొక్కిపట్టకుండా, ముందుగా కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 మీటలను కలిపి నొక్కండి. నల్లని తెర వచ్చి లాగిన్ అడిగితే కెర్నెల్ (వ్యవస్థకు మూలమైన ప్రోగ్రామ్) ఇంకా పనిచేస్తోందని, లోపం గ్రాఫిక్స్ డ్రైవర్‌లోనో డెస్క్‌టాప్‌లోనో ఉండవచ్చని అర్థం. అదీ పలకకపోతే ఆల్ట్‌నూ సిస్‌ఆర్‌క్యూనూ (చాలా కీబోర్డులలో ఇది ప్రింట్ స్క్రీన్ మీటే) పట్టుకుని ఎస్, యు, బి అక్షరాలను కొన్ని సెకన్ల తేడాతో వరుసగా నొక్కితే, డిస్కుకు చేరవలసిన సమాచారం చేరిన తరువాత యంత్రం రీబూట్ అవుతుంది.

ఆ తరువాత టెర్మినల్‌లో (ఆదేశాలు టైపు చేసే కిటికీలో) వ్యవస్థ లాగ్‌ను చూపే జర్నల్‌సీటీఎల్ ఆదేశానికి మైనస్ బి, మైనస్ 1 జోడించి (journalctl -b -1), గతసారి నమోదైన చివరి పంక్తులను చదవండి. అక్కడ ‘అవుట్ ఆఫ్ మెమరీ’ అని కనిపిస్తే ర్యామ్ చాలలేదన్నమాట, స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు డిస్కులో వాడుకునే చోటు) పెంచండి. ఏ సూచనా లేకుండా లాగ్ మధ్యలోనే తెగిపోతే నా అనుమానం మొదట ర్యామ్ మీదికే పోతుంది కనుక, ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్ ప్రోగ్రామ్‌ను రాత్రంతా నడపండి.