కార్టజీనా ఆడుతున్నారా? ముందు వెనక్కి వెళ్ళడం నేర్చుకోండి

సెలవులకి పిల్లలంతా అమలాపురంలో మా ఇంటికి చేరితే అరుగు మీద మొదట తీసేది కార్టజీనానే. లియో కొలోవిని చేసిన బోర్డు ఆట, 2000లో వచ్చింది. 1672లో కార్టజీనా కోట జైల్లోంచి 30 మంది సముద్రపు దొంగలు పారిపోయారన్నది కథ. రూల్స్ పది నిమిషాల్లో చెప్పేయొచ్చు, కానీ ఎక్కడ చూసినా ఒకటే తప్పు చేస్తున్నారండి, అందుకే రాస్తున్నా.

6 బోర్డు ముక్కలు ఎలా పడితే అలా కలిపి వరసగా పెట్టి చివర పడవ పెట్టండి. ఒక్కో ముక్క మీద 6 బొమ్మలు: కత్తి, టోపీ, తాళాలు, పిస్తోలు, పుర్రె, సీసా. మనిషికి 6 దొంగలు, 6 కార్డులు. ఐదుగురి దాకా ఆడొచ్చు గానీ ముగ్గురు లేకపోతే డబ్బా తీయొద్దు. పూతరేకులు తిన్న చేత్తో మాత్రం కార్డులు ముట్టుకోనివ్వకండి, ఆ నెయ్యి మరక ఇంక పోదు, ఆ కార్డేంటో వెనకనుంచే అందరికీ తెలిసిపోద్ది.

ముందుకెళ్ళడం తేలిక. సీసా కార్డు వేస్తే మీ దొంగ ముందున్న ఖాళీ సీసా గడికి పోతాడు, మనిషి ఉన్న సీసాలన్నీ దాటేస్తాడు. ముందు ఖాళీ సీసాయే లేకపోతే నేరుగా పడవే! ఒక వంతులో మూడు ఎత్తుల దాకా వేయొచ్చు.

ఇప్పుడు అసలు సంగతి. కార్డులు కావాలంటే వెనక్కి వెళ్ళాల్సిందే, వేరే దారి లేదు. అష్టాచెమ్మా అలవాటున్నోళ్ళకి ఇది మింగుడు పడదు, ఒక్క కాయనే ఇంటికి పరిగెత్తించి చెయ్యి ఖాళీ చేసుకుని కూర్చుంటారు. వెనక్కి వెళ్ళేటప్పుడు ఖాళీ గడిలో ఆగకూడదు, ముగ్గురున్న గడిలోనూ ఆగకూడదు, వెనక ఒకడో ఇద్దరో ఉన్న మొదటి గడిలోనే ఆగాలి. ఒకడుంటే ఒక కార్డు, ఇద్దరుంటే రెండు. వాళ్ళు మీవాళ్ళే అవ్వక్కర్లేదు.

ఇక్కడ వరస చూసుకోవాలి. పుర్రె గడిలో ఒక్కడున్నాడు, వాడికి ముందు మీవాళ్ళిద్దరున్నారు, మధ్యలో ఇంకెవరూ లేరు అనుకోండి. మొదటివాణ్ణి పుర్రెకి దింపితే ఒక కార్డు. ఇప్పుడక్కడ ఇద్దరయ్యారు కదా, రెండోవాణ్ణీ దింపితే రెండు కార్డులు. రెండు ఎత్తులకి మూడు కార్డులు, గడీ నిండిపోయింది. అదే ఒక్కణ్ణే దింపి ఆపేశారా, ఆ రెండు కార్డులూ మీ తర్వాతోడు పట్టుకుపోతాడు. మా పిన్ని కొడుకు ప్రతిసారీ ఇక్కడే పోగొట్టుకుంటాడు, ఎన్నిసార్లు చెప్పానో. వంతు వదిలే ముందు బోర్డు మొత్తం ఒకసారి చూడండి, ఇద్దరున్న గడికి ముందు ఎవడి దొంగ నిలబడ్డాడో చూసుకోండి.

పందాలు లేవు, గవ్వలు లేవు, కాయని చంపడం లేదు, ఓడినోడు అదృష్టం మీద తోసెయ్యడానికి పెద్దగా ఏమీ ఉండదు, అందుకే నాకు వైకుంఠపాళి కన్నా ఇదే ఇష్టం. రెండాటలు అయ్యాక కార్డులు తిప్పి అందరికీ కనపడేలా పెట్టి ఆడండి, అదే అసలాట. ఆరుగురూ ముందుగా పడవెక్కినోడు గెలిచినట్టు, కాబట్టి ఐదుగురు ఎక్కేసినా జైలు దగ్గర ఉండిపోయిన ఆరోవాణ్ణి మర్చిపోకండి.