మోత బోలెడుంది, గుట్ట లేవలేదు: బెజవాడ–గుంటూరు మధ్య యాంబియంట్ నాయిస్ సర్వేలో చిక్కులు

నేల కింద ఏ పొర ఎంత గట్టిదో తెలుసుకోవడానికి మందు పేల్చక్కర్లేదు. లారీలు, రైళ్ళు, సముద్రపు అలలు రాత్రీ పగలూ నేలను వణికిస్తూనే ఉంటాయి. ఆ మోతే యాంబియంట్ నాయిస్. రెండు చోట్ల జియోఫోన్లు (నేల వణుకును పట్టే సెన్సార్లు) ఉన్న రికార్డరు పెట్టెలు పెట్టి, ఆ రికార్డుల్ని క్రాస్ కోరిలేట్ చేసి, అంటే ఒకదాన్ని కొంచెం కొంచెం జరుపుతూ రెండోదానితో పోల్చి, గంటల తరబడి కూడుతూ పోతే, ఒక చోట సమ్మెట దెబ్బ కొడితే రెండో చోట ఏం నమోదయ్యేదో అది తేలుతుంది. రెండు రికార్డులూ బాగా కలిసే జాప్యం దగ్గర గీత పైకి లేస్తుంది, అదే గుట్ట. దీన్నే సీస్మిక్ ఇంటర్‌ఫెరోమెట్రీ అంటారు. 1968లో భూభౌతిక శాస్త్రవేత్త క్లేర్‌బౌట్ వేసిన విత్తు ఇది. 2005లో కాలిఫోర్నియా నేల కింది పటం ఇలా గీశాకే అందరి చూపూ దీనిమీద పడింది.

మన దగ్గర మోతకు కరువు లేదు. అయినా బొమ్మ తప్పుతుంది. తప్పినప్పుడు నేలను అనుమానించే ముందు చూడాల్సినవి ఇవి.

ఎంత కూడినా గుట్టే లేవదు

ముందు గడియారం చూడండి. ఒక పెట్టె యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో), ఇంకోటి మన టైములో నడుస్తుంటే మధ్యలో అయిదున్నర గంటల తేడా. సాయంత్రం లారీని అర్ధరాత్రి కుక్క అరుపుతో పోల్చినట్టే. నవ్వకండి, నేనే ఒక రోజంతా పోగొట్టుకున్నాను. ఫైలు హెడర్లు రెండూ పక్కపక్కన పెట్టి చదివితే రెండు నిమిషాల పని.

గుట్ట ఉంది, కానీ రోజురోజుకీ జరుగుతోంది

పెట్టెల మధ్య దూరం 1 కిలోమీటరు, ఒండ్రులో తరంగ వేగం సెకనుకు 400 మీటర్లు అనుకుందాం. అప్పుడు సున్నాకి కుడివైపు 2.5 సెకన్ల దగ్గర, ఎడమవైపు కూడా 2.5 దగ్గర గుట్టలు లేవాలి. నాలుగు రోజులయ్యాక అవి కుడివైపు 2.8కి, ఎడమవైపు 2.2కి వస్తే రెండూ ఒకే పక్కకి జరిగాయన్నమాట. అది గడియారం తప్పు. రెండు గుట్టలూ సమానంగా సున్నాకి దూరం జరిగితే మాత్రం నేలలోనే వేగం తగ్గింది. వానలు పడి భూగర్భ జలం పైకొస్తే అలా కొంచెం తగ్గడం మామూలే. కాకపోతే ఆ తగ్గుదల సాధారణంగా ఒక శాతానికి లోపే. ఏకంగా పది శాతం కనిపిస్తే వానని నిందించకండి.

గడియారం ఎందుకు జారుతుంది? జీపీఎస్ దొరక్క. పెట్టెను రేకుల షెడ్డులోనో, గుబురు చింతచెట్టు కిందో దాస్తాం, దొంగల భయంతో. పది లక్షల్లో ఒక వంతు తేడా ఉన్నా రోజుకు 86 మిల్లీసెకన్లు పోతాయి, అంటే మూడున్నర రోజులకు 0.3 సెకను. యాంటెన్నా ఒక్కటి బయటికి తీస్తే చాలు. ఇప్పటికే తెచ్చుకున్న డేటా అయితే, రెండు గుట్టల మధ్యబిందువు సున్నాకి ఎంత దూరం జరిగిందో కొలిచి, ఆ మేరకు దిద్దుకోవచ్చు.

వేగం మరీ ఎక్కువ వస్తోంది

నాకు ఎక్కువగా ఎదురయ్యే ఫిర్యాదు ఇదే. మంగళగిరి దాటాక పొలాల్లో పెట్టెల లైను వేసిన ఒక కుర్రాడు, వేగం సెకనుకు 800 మీటర్లు వచ్చిందని, కింద రాయి తగిలిందని సంబరపడ్డాడు. లైను ఎటు పరిచావని అడిగాను. పదహారో నంబరు హైవేకి సమాంతరంగా పరిచాడట, గట్టు మీద నడవడం తేలికని.

తరంగం లైను వెంబడి వస్తేనే అసలు వేగం తెలుస్తుంది. పక్కనుంచి వస్తే రెండు పెట్టెల్నీ కాస్త అటూ ఇటూగా ఒకేసారి తాకి, గుట్ట సున్నా వైపు జరుగుతుంది. లైనుకు 60 డిగ్రీల కోణంలో వస్తే వేగం సరిగ్గా రెండింతలు కనిపిస్తుంది. 400 కాస్తా 800. రాయీ లేదు, రప్పా లేదు.

లైనును రోడ్డుకు అడ్డంగా, రెండు పెట్టెలూ రోడ్డుకి ఒకే పక్కన ఉండేలా పరవండి. బండ్లు అటూ ఇటూ పోతుంటే పక్కవాటు తరంగాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, లైను సూటిగా రోడ్డును తాకే చోటి మోతే మిగులుతుంది. అప్పుడు గుట్ట ఒకవైపే లేస్తుంది, కంగారు పడకండి. పొలం హద్దుల వల్ల అది కుదరకపోతే పెట్టెల్ని వలయంగా పెట్టి, జపాన్ భూకంప శాస్త్రవేత్త ఆకి 1957లో చెప్పిన స్పాక్ (SPAC) పద్ధతి వాడండి, అందులో అన్ని దిక్కుల జంటల కోరిలేషన్ల సగటు తీస్తారు. దిక్కుల తేడా చాలావరకు సగటులో కలిసిపోతుంది. ఇక సముద్రపు రొదకైతే దిక్కు ముందే తెలుసు, బంగాళాఖాతం మనకు ఆగ్నేయాన.

గుట్ట బదులు ఆగని అల

కోరిలేషన్ మొత్తం ఒకే సైన్ తరంగంలా సాగుతుంటే స్పెక్ట్రం (ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత బలమో చూపే గీత) తీయండి. 24 హెర్ట్జ్ దగ్గర సూది మొనలాంటి గీత ఉంటే అది మోటారు: నిమిషానికి 1440 చుట్లు, సెకనుకు 24. బోరులో దించిన సబ్‌మెర్సిబుల్ అయితే 48 దగ్గర. పొలానికి కరెంటు ఇచ్చే వేళల్లోనే కనిపిస్తే ఇక అనుమానమే లేదు. కరెంటు లేని గంటల రికార్డు వాడండి, లేదా ఆ సన్న పట్టీని ఫిల్టరుతో కోసేయండి. మోటారు ఆపమని రైతుని అడగొద్దు. ఒకసారి అడిగితే, "ఏందయ్యా, బోరు పాయింటు చూడ్డానికొచ్చి బోరే ఆపమంటావా?" అన్నాడు.

ఒక్క పెట్టెలో మాత్రం సిగ్నల్ బలహీనంగా ఉంది

నల్లరేగడి ఎండాకాలం నెర్రెలు ఇస్తుంది, పెట్టె మేకు నెర్రెలో వేలాడుతుంది. మోకాలి లోతు తవ్వి, తడిమట్టి గట్టిగా దట్టించి, అందులో గుచ్చండి. గుట్ట తలకిందులుగా ఉంటే కేబుల్ వైర్లు మారాయి, అంతే.

లోతు రావడం లేదు

4.5 హెర్ట్జ్ జియోఫోన్‌తో, 400 మీటర్ల వేగంలో తరంగదైర్ఘ్యం 90 మీటర్ల లోపే. చూపు దానిలో మూడో వంతు నుంచి సగం దాకా, అంటే 30–45 మీటర్లు. ఇంకా కిందికి కావాలంటే నెమ్మది ఊపుల్నీ పట్టే బ్రాడ్‌బ్యాండ్ సెన్సారు తెచ్చుకుని, సముద్రం 5–10 సెకన్లకోసారి ఊపే ఊపు పట్టుకోవాలి. దానికి గంటలు చాలవు, రోజులు కావాలి. పెట్టెల మధ్య దూరమూ పెరగాలి, కనీసం ఒక తరంగదైర్ఘ్యం.

ఇంద్రకీలాద్రి పక్కన హెచ్ బై వి గీత చదునుగా వచ్చింది

హెచ్ బై వి అంటే నేల అడ్డంగా ఊగే ఊపుకీ నిలువుగా ఊగే ఊపుకీ నిష్పత్తి. మెత్తని మట్టి కింద గట్టి రాయి ఉంటే ఆ గీతలో శిఖరం లేస్తుంది. పరికరం బాగానే ఉంది. కాలి కింద కొండరాయి ఉంటే శిఖరం రాదు. వేగాన్ని లోతుకు నాలుగింతలతో భాగిస్తే శిఖరం ఎక్కడుండాలో తెలుస్తుంది: 25 మీటర్ల మెత్తని మట్టి, వేగం 200 అయితే 2 హెర్ట్జ్. అదే పెట్టెను కొండకు దూరంగా, ఒండ్రు మీదికి తీసుకెళ్ళి పెట్టి చూడండి.