సీరం సీసా మీద ‘క్లీన్’ అని ఉంటే ఎంతవరకు నమ్మొచ్చు?

విశాఖ ద్వారకానగర్ షాపులో కొన్నా, ఫోన్‌లో ఆర్డరు పెట్టినా, బాగా అమ్ముడుపోయే, ముఖానికి రాసే సీరం సీసాల మీద ‘క్లీన్’ (హాని చేసేవి లేవన్న అర్థంలో) అన్న మాట తరచూ కనిపిస్తోంది. మన చట్టంలో ఆ మాటకు నిర్వచనం లేదు. అందుకే అట్టపెట్టె వెనక్కి తిప్పి, ఫోన్ కెమెరా జూమ్ చేసి పదార్థాల జాబితా చదవండి. జాబితా పెట్టె మీదా, కంపెనీ సైటులోనూ లేకపోతే ఆ సీసా కొనకండి.

ముందువైపు రాసే కొన్ని మాటలకు విలువే ఉండదు. ‘సల్ఫేట్ ఫ్రీ’నే చూడండి: సల్ఫేట్లు నురగ కోసం ఫేస్‌వాష్‌లో, షాంపూలో వేసేవి. ముఖానికి రాసి వదిలేసే సీరంలో వాటితో పని లేదు. జంతువుల మీద సౌందర్య సాధనాలు పరీక్షించడాన్ని మన దేశం 2014లోనే నిషేధించింది, కాబట్టి ‘క్రూయెల్టీ ఫ్రీ’ కోసం అదనంగా డబ్బు పెట్టక్కర్లేదు.

పారాబెన్లు సరుకు చెడకుండా వేసే ప్రిజర్వేటివ్‌లు. ‘పారాబెన్ ఫ్రీ’ అంటే మాత్రం, బదులుగా ఏం వేశారో వెతకాలి. నీళ్లతో చేసిన సీరంలో ప్రిజర్వేటివ్ లేకపోతే బ్యాక్టీరియా, బూజు పెరుగుతాయి. ఫినాక్సీఇథనాల్ అనే ప్రిజర్వేటివ్ ఉంటే కంగారు వద్దు, ఐరోపాలో దాన్ని 1 శాతం వరకు వాడనిస్తారు. మిథైల్ఐసోథయాజోలినోన్ అనే మరో ప్రిజర్వేటివ్ కనిపిస్తే వద్దనుకోండి. అలర్జీల వల్లే, రాసి వదిలేసే ఉత్పత్తుల్లో దాన్ని ఐరోపా నిషేధించింది.

ఇక అసలు కిటుకు. 1 శాతం మించిన పదార్థాలను ఎక్కువ నుంచి తక్కువకు వరసగా రాయాలి. 1 శాతం, అంతకన్నా తక్కువ ఉన్నవాటిని ఏ వరసలోనైనా రాయొచ్చు. ఉదాహరణకు జాబితా ఇలా ఉందనుకోండి: ఆక్వా (నీళ్లు), గ్లిజరిన్, నియాసినమైడ్ (విటమిన్ బి3 రకం), ప్రొపేన్‌డయోల్ (ద్రావకం), ఫినాక్సీఇథనాల్, శాంథన్ గమ్ (చిక్కదనం కోసం వేసే జిగురు), పసుపు ఎక్స్‌ట్రాక్ట్. ఫినాక్సీఇథనాల్ సాధారణంగా 1 శాతం దాటదు, దాని తర్వాతవీ అంతే. పెట్టె మీద పెద్ద పసుపుకొమ్ము బొమ్మ వేసినా లోపల ఉన్నది చిటికెడే. అలాగని కింద ఉన్నవన్నీ దండగ కాదు: రెటినాల్ (విటమిన్ ఎ రకం), హైలురోనిక్ యాసిడ్ (తేమ పట్టి ఉంచేది) 1 శాతం లోపే పనిచేస్తాయి. ‘10 శాతం నియాసినమైడ్’ అని చెప్పి దాన్ని ఫినాక్సీఇథనాల్ తర్వాత రాస్తే లెక్క కుదరదు. ‘20 శాతం విటమిన్ సి కాంప్లెక్స్’ అన్నప్పుడు ఆ 20లో ఇతర ద్రావకాలు కూడా కలిసి ఉండొచ్చు.

‘ఫ్రాగ్రెన్స్’ అన్న ఒక్క మాట వెనక పదుల పదార్థాలు ఉండొచ్చు. ‘సహజ నూనెలు’ అన్నా ఊరుకోకండి. లిమొనీన్, లినలూల్ అనే వాసన పదార్థాలు నిమ్మ, లావెండర్ నూనెల్లో ఉండేవే, గాలి తగిలి పాతబడ్డాక చర్మాన్ని ఇంకా ఎక్కువ రేపుతాయి.

విశాఖ ఉక్కకు విటమిన్ సి తొందరగా చెడుతుంది. ఎల్-ఆస్కార్బిక్ యాసిడ్ రకం కొంటే ముదురు రంగు సీసా, వీలైతే గాలి చొరని పంపు ఉన్నది చూడండి. డ్రాపర్ తీసిన ప్రతిసారీ లోపలికి గాలి పోతుంది. బాత్‌రూమ్‌లో కాదు, ఫ్రిజ్ తలుపు అరలో పెట్టండి. ముదురు పసుపు, గోధుమ రంగుకు తిరిగితే పారేయండి.

ముఖానికి రాసే ముందు మోచేయి మడతలో రూపాయి బిళ్లంత చోట, రోజుకు రెండుసార్లు, 7 నుంచి 10 రోజులు రాసి చూడండి. చెమట పట్టిన చర్మం మీద కాకుండా కడిగి ఆరాక రాయాలి, లేకపోతే మంట చెమటదో సీరందో తేలదు. దద్దుర్లు వస్తే ఆపేయండి. తగ్గకపోతే విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) చర్మవ్యాధుల ఓపీకి సీసాతో సహా వెళ్లండి.

తయారీదారు చిరునామా, లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉన్నాయో లేదో చూడండి. విదేశీ సరుకైతే దిగుమతిదారు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. ‘పర్యావరణహితం’ లాంటి మాటలకు ఆధారం చూపాలని 2024లో కేంద్ర వినియోగదారుల ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది. చెప్పినదానికీ ఉన్నదానికీ పొంతన లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. అందుకోసం పెట్టె పారేయకముందే ముందువైపు, వెనకవైపు, బిల్లు ఫోటోలు తీసి ఉంచుకోండి.