డీటీపీ ఫైలు చేతిలో ఉంటే ఈబుక్ ఉన్నట్టు కాదు

విజయవాడలో డీటీపీ పని నాది, అంటే పుస్తకాలకు కంప్యూటర్లో అచ్చు పేజీలు కట్టడం. పేజ్‌మేకర్, అను ఫాంట్లతోనే సగం జీవితం గడిచింది. ఈమధ్య సొంతంగా పుస్తకాలు వేసుకునే రచయితలు పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టి, "ఫైలు రెడీగానే ఉందండీ, ఈబుక్ చేసిపెట్టండి చాలు" అంటున్నారు. ఆ ఫైలు రెడీ అయింది ప్రెస్సు కోసం. ఫోన్లో చదివేవాడి కోసం కాదు.

అనులో టైపు చేసినవి తెలుగు అక్షరాల్లా కనపడతాయి గానీ, లోపలున్నవి ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులే. ఫాంటు తీసేస్తే ఒక్క ముక్క అర్థం కాదు. దాన్నే పీడీఎఫ్ చేసి అమ్మితే ఫోన్లో పేజీ చీమలబారులా ఉంటుంది. పెద్దది చేస్తే వాక్యం తెర దాటిపోతుంది. ఏదైనా మాట వెతికితే దొరకదు. అందుకే ముందు యూనికోడ్‌లోకి, అంటే ఏ ఫోన్లోనైనా తెలుగు తెలుగుగానే ఉండే పద్ధతిలోకి మార్చాలి. కన్వర్టర్లున్నాయి, నిమిషాల్లో అయిపోతుంది. అసలు చాకిరీ ఆ తరవాతే.

సున్నాలతో మొదలుపెట్టండి. 'ం' ఉండాల్సిన చోట అంకె 0 గానీ ఇంగ్లిష్ 'o' గానీ దూరి ఉండొచ్చు. కంటికి తేడా తెలీదు కాబట్టి ఆ రెంటినీ సెర్చ్‌లో కొట్టి పట్టుకోవాలి. తరవాత పొల్లులు. 'హైదరాబాద్‌లో' అన్నది 'హైదరాబాద్లో' అయి కూర్చుంటుంది, దకారం కింద లావత్తు! పొల్లుకీ తరవాతి అక్షరానికీ మధ్య కనపడని గుర్తొకటి పెడితేనే రెండూ విడిగా నిలబడతాయి. సరిగ్గా ఉన్న మాటను ఎక్కడినుంచైనా కాపీ చేసి, ఫైండ్ అండ్ రీప్లేస్‌లో పెట్టి మార్చండి. 'ఫోన్లో' లాంటివాటిని నేను ముట్టుకోను, జనం అలాగే రాస్తున్నారు. ఇక అచ్చులో లైను చివర మాట విరగ్గొట్టిన హైఫన్లు కొన్ని మిగిలిపోయి పేరా నడుమ తేలతాయి. వాటినీ ఏరెయ్యాలి. ఇదంతా అయ్యాక ప్రూఫు కంప్యూటర్లో కాదు, ఫోన్లోనే చదవండి.

శుభ్రమైన టెక్స్ట్ చేతికొచ్చాక ఈపబ్, అంటే తెర సైజుకు తగ్గట్టు సర్దుకునే ఈబుక్ ఫైలు, చెయ్యడం తేలిక. లిబ్రే ఆఫీస్, గూగుల్ డాక్స్ రెండూ ఉచితంగా చేసిపెడతాయి. అధ్యాయాల పేర్లకు హెడింగ్ స్టైల్ పెడితే విషయసూచిక దానంతట అదే వస్తుంది. మండలి, సూరన్న లాంటి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం.

ఎక్కడ పెట్టాలన్నది తరవాతి ప్రశ్న. 2016లో అమెజాన్ వాళ్ల కిండిల్ భారతీయ భాషల పుస్తకాలు మొదలుపెట్టినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం తీసుకుంది, మనల్ని వదిలేసింది. తెలుగు పుస్తకమైతే నేను గూగుల్ ప్లే బుక్స్ వైపు పంపిస్తాను. సీరియల్‌గా రాసేవాళ్లకు ప్రతిలిపి యాప్ ఉండనే ఉంది. పుస్తకాన్ని గుర్తుపట్టే నంబరు ఐఎస్‌బీఎన్‌ను మన దేశంలో రాజా రామమోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఉచితంగానే ఇస్తుంది. దానికని ఎవరైనా డబ్బులడిగితే ఇవ్వకండి. అచ్చు పుస్తకం నంబరు ఈబుక్‌కి వాడకూడదు, వేరేది తీసుకోవాలి.

పుస్తకం ఇంతకుముందు వేరే ప్రచురణకర్త వేసిందైతే పాత కాగితాలు ఓసారి బయటికి తియ్యండి. హక్కులు ఎంతకాలానికి ఇచ్చారో అందులో రాసుకోకపోతే, కాపీరైట్ చట్టం ప్రకారం అది 5 ఏళ్లే.

ఇంకొక్కటి, మన పుస్తకాలకే ప్రత్యేకమైనది. గూగుల్‌లో కొనకముందు ఉచితంగా చూసుకునే భాగం మామూలుగా 20 శాతం. మన కథల సంపుటాల్లో ముందుమాటలు మూడు, ఆపైన అభినందనలు, కృతజ్ఞతలు. ఆ 20 శాతం వీటికే సరిపోతే పాఠకుడు ఒక్క కథ కూడా చూడకుండా వెళ్లిపోతాడు. వాటన్నిటినీ పుస్తకం చివరికి జరిపి, మీ మంచి కథను మొదట పెట్టండి. ముందుమాట రాసిన పెద్దాయన నొచ్చుకుంటారేమోనని మీకు టెన్షనైతే, ఆయన పేరు అట్ట మీద వేసెయ్యండి.